తొట్టిలో తాబేలు, నీటిలో నత్రజని

నీటి తాబేలును ఇంట్లో గాజు తొట్టిలో పెంచడమంటే చెరువులోంచి తాబేలును, కొద్దిపాటి నీటిని మాత్రమే తెచ్చుకుని, ఆ నీటిని ఏళ్ల తరబడి బాగుచేస్తూ వచ్చిన మట్టిని, ఎండను, మొక్కలను, ప్రవాహాన్ని గట్టు మీదే వదిలేసి రావడం. ఖమ్మం జిల్లా కూసుమంచి మండలంలో, నాగార్జునసాగర్ ఎడమ కాలువకు సంతులన జలాశయంగా పనిచేసే పాలేరు తన పూర్తి మట్టమైన 23 అడుగులకు నిండినప్పుడు అందులో సుమారు రెండున్నర టీఎంసీల నీరు, అంటే దాదాపు 7 వేల కోట్ల లీటర్లు ఉంటుంది. ఇంటి హాల్లో గోడవారగా అమర్చుకునే ఒక మోస్తరు తొట్టిలో పట్టేది 200 లీటర్లు. మొదటిది రెండోదానికి 35 కోట్ల రెట్లు. పాలేరులో ఒక తాబేలు విసర్జించేది ఏ లెక్కకూ అందదు గాని, అదే తాబేలు 200 లీటర్లలో ఉంటే దాని విసర్జన జాడ రెండు మూడు రోజుల్లోనే పరీక్ష గొట్టంలో రంగై కనిపిస్తుంది. తొట్టిని శుభ్రంగా ఉంచడమంటే ఈ తేడాను చేతనైనంత పూడ్చడమే తప్ప గాజును తళతళలాడించడం కాదు. చాలా తొట్లను చెడగొట్టేది ఆ తళతళ మీది మోజే.

ముందుగా తేలవలసింది ఏ తాబేలు అన్న సంగతి. నీటిలో ఉండేవాటికీ మెట్ట మీద తిరిగేవాటికీ తెలుగులో తాబేలు అన్న ఒక్క మాటే, తెలంగాణ పల్లెల్లోనైతే తాంబేలు అన్న మాటే చెల్లుతుంది కాబట్టి, వాటి అవసరాలు కూడా ఒక్కటేనని పొరబడటం తేలిక. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం క్షేత్రంలో భక్తులకు కనిపించే నక్షత్ర తాబేలు పొడి పొదల నేలకు చెందిన మెట్ట జీవి. దాన్ని లోతు నీటిలో వేస్తే మునిగిపోతుంది. కూసుమంచి చుట్టుపక్కల చెరువుల్లో, వరిమళ్లలో, పిల్లకాలువల్లో ఉండేది వేరొకటి: పొట్టవైపు వెనక కాళ్లను మూసే మెత్తని రేకులున్న మంచినీటి తాబేలు, శాస్త్రనామం లిస్సెమిస్ పంక్టాటా. చెరువు ఎండే కాలంలో అది బురదలోకి దూరి, తొలకరి పడేదాకా అక్కడే పడి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటు ఉంది, నక్షత్ర తాబేలుకూ చట్టరక్షణ ఉంది. అందువల్ల నాట్లప్పుడు మడిలో దొరికిందనో, పిల్లలు ముచ్చటపడ్డారనో వీటిలో దేన్ని ఇంటికి తెచ్చుకున్నా అది నేరమే అవుతుంది. నీటి తాబేలు కనిపిస్తే అదే నీటిలో వదిలేయాలి, గాయపడి ఉంటే అటవీ శాఖకు అప్పగించాలి.

హైదరాబాదు వంటి నగరాల అక్వేరియం దుకాణాల నుంచి ఇళ్లకు చేరేది సాధారణంగా కంటి వెనక ఎర్రని చార ఉండే అమెరికా తాబేలు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అన్నది దాని వాడుక పేరు, మిసిసిపీ నదీ పరీవాహకం దాని పుట్టిల్లు. కొనేనాటికి రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దదిగా, లేతాకు రంగులో ఉండే ఈ పిల్ల, ఆడదైతే 25 సెంటీమీటర్లు దాటి పెరగగలదు, ఇరవై ముప్ఫై ఏళ్లు బతకగలదు. ఈ వ్యాసంలోని తొట్టి ఈ జాతి కోసమే. (పళ్లెంలో నీళ్లు పోసి వాస్తు కోసం ఉంచే ఇత్తడి తాబేలుకు ఫిల్టరు అక్కర్లేదు, ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందన్న నమ్మకం ఒక్కటే కారణమైతే ఆ ఇత్తడి తాబేలే అన్నివిధాలా మేలు.)

మలినం అనగానే అడుగున చేరే మడ్డి, తేలియాడే తిండి ముక్కలు గుర్తొస్తాయి గాని, అసలు చిక్కు కంటికి కనబడని నత్రజనితో వస్తుంది. మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజనే. డిప్ప పొడవు 13 సెంటీమీటర్లున్న తాబేలుకు, 40 శాతం మాంసకృత్తులు గల గుళికలను రోజుకు 5 గ్రాములు వేస్తే, ఆ మేతతో పాటు 320 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలోకి దిగినట్టే. అందులో కొంత ఒంటికి పడుతుంది, మిగిలింది అమ్మోనియాగానూ యూరియాగానూ బయటికి వస్తుంది. నీటిని పొదుపు చేసుకోవలసిన మెట్ట తాబేళ్లు దాన్ని యూరిక్ ఆమ్లమనే తెల్లని ముద్దగా విసర్జిస్తాయి గాని, చుట్టూ నీరున్న జీవికి ఆ జాగ్రత్త అవసరం లేదు. యూరియాను కూడా నీటిలోని బాక్టీరియా కొద్దికాలంలోనే అమ్మోనియాగా విడగొడుతుంది. ఒంటికి పట్టినదాన్ని పక్కనపెట్టి పైఎత్తు లెక్క కడితే, 200 లీటర్ల తొట్టిలో లీటరుకు రోజూ 1.6 మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియా రూపంలో చేరుతున్నదని తేలుతుంది. ఆ స్థాయికి ఒకటి రెండు రోజుల్లోనే చేపలు సతమతమవుతాయి. తాబేలు మొప్పలతో కాక ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది కాబట్టి తట్టుకుంటుంది, తట్టుకోవడం వల్లనే దాని బాధ ఆలస్యంగా బయటపడుతుంది: కళ్లు మండి మూసుకోవడం, చర్మం ఎర్రబారడం, మేత మానడం కనిపించేనాటికి నీరు చెడి చాలా రోజులై ఉంటుంది.

చెరువులో ఈ అమ్మోనియాను తినేసేవి నైట్రీకరణ బాక్టీరియా, అంటే అమ్మోనియాను ఆమ్లజనితో కలిపి, ఆ చర్యలో పుట్టే శక్తితో బతికే సూక్ష్మజీవులు. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ చివరిది మొదటి రెండింటికన్నా ఎంతో నిరపాయకరమైనది. రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వీటిని విడదీసి చూపినప్పటినుంచి ఇది రెండు జాతులు పంచుకున్న పని అనే భావించారు గాని, రెండు మెట్లనూ ఒంటరిగా ఎక్కగల నైట్రోస్పైరా బాక్టీరియా ఉన్నట్టు 2015లో వెల్లడైంది, అదీ చేపల పెంపకపు నీటి వడపోతలోంచి తీసిన నమూనా ఒక ఆధారంగా. తొట్టి పెట్టేవారికి ఇందులో కావలసిన ముక్క ఒకటుంది. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు, ఫిల్టరులోని స్పాంజికి, గులకరాళ్లకు, గాజు లోపలి వైపున పట్టుకునే జిగురు పొరకు అంటిపెట్టుకుని ఉంటుంది. నీళ్లు మార్చితే అది పోదు, స్పాంజిని కుళాయి కింద పిండి కడిగితే పోతుంది. కొత్త తొట్టిలో అది తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో మొదట అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతాయి, చివరకు నైట్రేట్ ఒక్కటే మిగులుతుంది. ప్రతి ఆదివారం తాబేలును బకెట్లో వేసి, తొట్టిని ఖాళీ చేసి, గులకరాళ్లను సర్ఫుతో తోమి, ఎండబెట్టి, మళ్లీ కొత్త నీరు నింపే ఇంట్లో తొట్టి ఎన్నాళ్లైనా మొదటి వారంలోనే ఉండిపోతుంది. శ్రమ అంతా పడి, బాక్టీరియా మొలకెత్తిన ప్రతిసారీ దాన్ని చంపుకోవడం జరుగుతుంది.

స్పాంజిని అసలు కడగకూడదని కాదు. నీరు మార్చే రోజున తొట్టిలోంచి తీసిన పాత నీటినే ఒక బకెట్లో పెట్టుకుని, అందులో స్పాంజిని రెండు మూడు సార్లు మెల్లగా నొక్కి వదిలితే, బకెట్లోని నీరు చిక్కటి కాఫీ రంగుకు తిరుగుతుంది. స్పాంజి మాత్రం గోధుమ రంగు వదలదు, చేతికి కాస్త జారుడుగానే తగులుతుంది. ఆ జారుడే నిలవవలసిన పొర. స్పాంజి పసుపు రంగుకు తిరిగేదాకా పిండాలనిపిస్తే అక్కడే చేయి ఆపాలి. రెండు స్పాంజులుంటే ఒక్కొక్క వారం ఒక్కొక్కటి కడగడం ఇంకా మంచిది.

ఒకే పరిమాణంలో అమ్మోనియా ఉన్నా, ఒక ఇంటి నీటిలో అది తేలికగానూ మరో ఇంటి నీటిలో ఘాటుగానూ ఉండటం విచిత్రంగా తోస్తుంది గాని, అందుకు కారణం అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉండటమే. విద్యుదావేశం గల అమ్మోనియం అంతగా హాని చేయదు, ఆవేశం లేని అమ్మోనియా కణపొరల గుండా లోనికి చొరబడుతుంది. ఎంత భాగం ఏ రూపంలో ఉంటుందన్నది నీటి పీహెచ్ విలువ, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, ఉష్ణోగ్రత కలిసి నిర్ణయిస్తాయి: 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో హాని చేసే రూపం అర శాతానికి కాస్త ఎక్కువ, 30 డిగ్రీల వద్ద పీహెచ్ 8 ఉన్న నీటిలో ఏడున్నర శాతం. దాదాపు 13 రెట్లు. తెలంగాణ గట్టిరాతి నేలల్లోని బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ, పీహెచ్ తరచు 7కు పైనే ఉంటుంది, వేసవిలో ఇంట్లోని నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. శీతల దేశాల వారు రాసిన పెంపకం పుస్తకాల్లో నిశ్చింతగా ఉండవచ్చని చెప్పిన స్థాయి ఇక్కడ నిశ్చింతకు తగినది కాదు. బోరు నీటితో తొట్టి అంచున, డిప్ప మీద తెల్లని చారలు కూడా ఏర్పడతాయి. అది రోగం కాదు, తేనీటి గిన్నెకు పట్టే సున్నపు పొర వంటిదే, గాజు మీదిదైతే వెనిగరు అద్దిన గుడ్డతో పోతుంది. పాలేరు నీటినే శుద్ధి చేసి మిషన్ భగీరథ గొట్టాల్లో పంపే నీటిలో చిక్కు వేరే: క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్‌కు మంచి బాక్టీరియా, చెడు బాక్టీరియా అన్న తేడా తెలియదు. నీటిని వెడల్పాటి టబ్బులో పోసి ఒక రోజంతా ఎండ తగిలేలా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది, తొందరైతే హైపో అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ చిటికెడు చాలు.

నీరు ఎంత మార్చాలన్న దానికి లెక్కే జవాబు చెబుతుంది. పైన చెప్పిన తాబేలు రోజుకు చేర్చే నత్రజని అంతా నైట్రేట్‌గా మారితే లీటరుకు రోజూ 7 మిల్లీగ్రాములు, వారానికి 50. వారానికి నాలుగో వంతు నీరు మారిస్తే, మార్చిన ప్రతిసారీ పోయేది నైట్రేట్‌లో నాలుగో వంతే కాబట్టి, కొన్నాళ్లకు అది 200 దగ్గర నిలబడుతుంది. సగం నీరు మారిస్తే 100 దగ్గర. అంతటితో ఆగక మేతను రోజు విడిచి రోజు వేస్తే, పెద్ద తాబేళ్లకు అది సరిపోతుంది కూడా, సగం నీరు మార్చే తొట్టిలో ఆ అంకె 50కి దిగుతుంది. గుళికల డబ్బా మీద మూత పెట్టడం ఒక బకెట్ నీళ్లు మోయడంతో సమానమన్నమాట. ఆవిరైన మేరకు కొత్త నీరు కలుపుతూ నీరు మారుస్తున్నామనుకోవడం మరో భ్రమ: ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలు, నైట్రేట్ కిందే ఉండిపోయి, కలిపిన కొద్దీ చిక్కబడతాయి. ఎండాకాలం ముగిసేసరికి చెరువు అడుగున మిగిలిన నీరు ఉప్పగా మారడంలో ఉన్న సూత్రమే ఇదీ.

ఈ కొలతలు తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చేపల, రొయ్యల చెరువుల రైతులు వాడే పరీక్ష కిట్లే ఇక్కడా పనికొస్తాయి; చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీరు తీసి రసాయనపు చుక్కలు వేసి కాసేపు ఆగితే, ఎక్కువగా వాడే రకంలో, అమ్మోనియా లేని నీరు పసుపుగానే ఉంటుంది, ఉన్నకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతుంది. పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉన్న ఈ ప్రాంతంలో చేపల పెంపకందార్లకు ఈ పచ్చదనం భాష కొత్త కాదు.

వేసవి గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే పెంపకం పుస్తకాలు హీటర్ల గురించి పేజీలు రాస్తాయి గాని, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఖమ్మం ఎండలకు హీటరు ఎక్కడ పనికొస్తుంది? ఈ జాతికి నీరు 24 నుంచి 27 డిగ్రీలు ఉంటే హాయి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆమ్లజని తగ్గుతుంది, 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పట్టే నీటిలో 35 డిగ్రీల వద్ద పట్టేది 7 కన్నా తక్కువే. ఒక గ్రాము నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి బాక్టీరియాకు నాలుగున్నర గ్రాములకు పైగా ఆమ్లజని కావాలి కాబట్టి, మన తాబేలు రోజు మేతలోని 320 మిల్లీగ్రాముల నత్రజనికి దాదాపు ఒకటిన్నర గ్రాములు కావాలి. 35 డిగ్రీల వద్ద 200 లీటర్ల నీరంతటిలో ఒక సమయాన ఉండగలిగేది 1.4 గ్రాములే. రోజు ఖర్చుకన్నా మూలధనం తక్కువ. ఫిల్టరు నుంచి వచ్చే నీరు పైనుంచి పడి అలలు రేపుతూ గాలిని కలుపుకుంటూ ఉంటేనే ఈ బేరం సాగుతుంది. కరెంటు పోతే అలలు ఆగుతాయి, మూసి ఉండే డబ్బా రకం ఫిల్టరులో ఉన్న కొద్ది ఆమ్లజనినీ బాక్టీరియా కొన్ని గంటల్లో తాగేసి తానే చావడం మొదలుపెడుతుంది, ఆ చోట ఆమ్లజని లేకుండా బతికే మరో రకం చేరి కుళ్లిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. గాలివానకు స్తంభాలు కూలి రాత్రంతా కరెంటు లేని ఊళ్లో, తెల్లవారి కరెంటు వచ్చీరాగానే ఫిల్టరును అలాగే నడిపితే ఆ నీరంతా తొట్టిలోకి చిమ్ముతుంది. ముందుగా డబ్బా తెరిచి, వాసన చూసి, నిలవ నీటిని పారబోసి అప్పుడు నడపాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఫ్యానుతో పాటు ఫిల్టరునూ దానికి తగిలించడం మంచిది, అది తినే కరెంటు చాలా తక్కువ. నీటిని చల్లబరచడానికి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను తేలవేయడం, నీటి ఉపరితలం మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పడం చాలు. ఐసు ముక్కలు గుమ్మరించి ఒక్కసారిగా చల్లార్చకూడదు.

నీరు బాగున్నంత మాత్రాన తాబేలు బాగుంటుందని చెప్పలేం, దానికి పూర్తిగా ఆరే చోటు కూడా కావాలి. పాలేరు గట్టున రాతి మీద ఎక్కి ఎండ కాచుకునే తాబేలు ఒంటిని వేడి చేసుకోవడంతో పాటు డిప్పను ఆరబెట్టుకుంటుంది; ఎప్పుడూ తడిగా ఉండే డిప్ప పెచ్చుల సందుల్లో బాక్టీరియా, బూజు చేరి పెంకు కుళ్లు అనే జబ్బు వస్తుంది. ఎదిగే తాబేలు డిప్ప మీద పలుచని పొరలు అభ్రకంలా లేచి ఊడిపోవడం సహజం. మెత్తబడిన మచ్చ, దుర్వాసన సహజం కాదు, పశువైద్యుడికి చూపాలి. ఎండలోని అతినీల లోహిత కిరణాల్లో 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల భాగం చర్మంలో డి విటమిన్‌ను తయారు చేయిస్తుంది, ఆ విటమిన్ లేకపోతే మేతలోని కాల్షియం ఒంటికి పట్టక డిప్ప మెత్తబడి వంకరపోతుంది. మామూలు గాజు ఈ భాగాన్ని ఆపేస్తుంది కాబట్టి, కిటికీ అద్దం గుండా పడే ఎండ వెలుగును, వేడిని ఇస్తుంది గాని విటమిన్‌ను ఇవ్వదు. ఇందుకోసం అమ్మే ప్రత్యేక దీపాలు వాడిన కొద్దీ, వెలుగుతూనే ఉన్నా ఆ కిరణాలను తక్కువగా ఇస్తాయి. రోజూ ఉదయం ఎండ చురుక్కుమనక ముందు కొద్దిసేపు, సగం నీడ ఉన్న టబ్బులో డాబా మీద ఉంచగలిగితే ఆ దీపం ఖర్చు చాలావరకు తప్పుతుంది, కాకులను కనిపెట్టుకుని ఉండాలి.

మేత విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. ఎండు రొయ్యలు ఒక్కటే పెట్టి పెంచిన తాబేలుకు ఎ విటమిన్ లోపించి కళ్లు వాచి మూసుకుపోతాయి, దాన్ని నీటి లోపమనుకుని నీరు మార్చుతూ పోతారు. వయసు వచ్చిన కొద్దీ ఈ జాతి ఆకుల వైపు మొగ్గుతుంది, చెరువుల్లో అందరూ శాపనార్థాలు పెట్టే గుర్రపుడెక్కను సైతం తింటుంది.

గాజుకు పట్టే పచ్చని పాచిని చూసి నీరు చెడిందనుకోనక్కర్లేదు. వెలుగూ నైట్రేటూ ఉన్నచోట పాచి పడుతుంది, అది కొంత నైట్రేట్‌ను తినేస్తుంది కూడా. ముందువైపు అద్దాన్ని గీకి, మిగతా మూడు వైపులా వదిలేయడం తెలివైన రాజీ. తొట్టిలో వేసిన మొక్కలను తాబేలు చీల్చి పారేస్తుంది గనుక, మనీప్లాంట్ తీగను తొట్టి పైన ఆకులు అందనంత ఎత్తులో పెట్టి వేళ్లను మాత్రం తాబేలు చేరలేని ఫిల్టరు అరలోకి వదిలితే అవి నైట్రేట్‌ను పీల్చుకుంటాయి. తీసిన పాత నీరు మొక్కలకు ఎరువే: 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో పొలాలకు తోలుకోవడానికి ఉన్న కారణమే బకెట్లోని కాఫీ రంగు నీటికీ వర్తిస్తుంది. గులాబీ, మందారం కుండీలకు పోయవచ్చు, పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మళ్లకు మాత్రం పోయరాదు. ఆరోగ్యంగా కనిపించే తాబేలు పేగుల్లో కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు, అది మనుషులకు జ్వరం, విరేచనాలు తెస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకోగలంత చిన్న తాబేళ్ల వల్ల జబ్బులు పెరగడంతో అమెరికా 1975లో 4 అంగుళాల లోపు డిప్ప గల తాబేళ్లను పెంపకానికి అమ్మడాన్ని నిషేధించింది. తొట్టి సామాను వంటింటి సింకులో కడగకుండా, తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగితే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది, అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లోనైతే తాబేలు లేకపోవడమే ఉత్తమం.

డిప్ప పొడవులో సెంటీమీటరుకు 15 లీటర్ల చొప్పున నీరుండాలన్నది పెంపకందార్ల మోటు లెక్క. ఆ ప్రకారం 200 లీటర్లు 13 సెంటీమీటర్ల దాకానే చాలుతాయి, 25 సెంటీమీటర్ల ఆడ తాబేలుకు 375 లీటర్లు, అంటే గాజు, స్టాండు కలపకుండానే 375 కిలోల బరువు కావాలి. చాలా ఇళ్లలో కథ అడ్డం తిరిగేది ఇక్కడే. పెద్ద తొట్టి కొనలేక, వాసన భరించలేక, తాబేలును దగ్గరి చెరువులో వదిలి పుణ్యం చేశామనుకుంటారు. ప్రపంచంలోని నూరు అత్యంత హానికర దురాక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ తాబేలును చేర్చింది, ఐరోపా సంఘం 1997లోనే దాని దిగుమతిని ఆపింది. పరాయి నీటిలో అది స్థానిక తాబేళ్లతో మేత కోసం, ఎండ కాచుకునే చోటు కోసం పోటీపడుతుంది, తనతో తెచ్చిన పరాన్నజీవులను అంటిస్తుంది. కేరళలో త్రిస్సూరు దగ్గర పీచిలో ఉన్న అటవీ పరిశోధన సంస్థ, పెంచలేమనుకున్న వారి నుంచి ఈ తాబేళ్లను స్వీకరించే పని చేపట్టింది. కూసుమంచిలోనైతే పెంచలేని తాబేలును మరో పెంపకందారుకో, అటవీ శాఖకో అప్పగించడం దారి. పాలేరు మాత్రం దారి కాదు, అది కాలువకు కట్టిన జలాశయం, అందులో పడినది కాలువ పారినంత మేరా పోగలదు, బురదలో దాగి తొలకరి కోసం ఎదురుచూసే రేకుల తాబేలు ఉండేదీ ఆ నీటి వెంబడి చెరువుల్లోనే.